పదిహేడో రిఫరెన్సు

"అందరూ మౌనం పాటించండి," అని గోడకున్న స్పీకరు గరగరలాడింది. ఆవిడ చెవికి మాత్రం "అందరూ మూలం పాటించండి" అని వినిపించింది. చెవిది తప్పు కాదు. పొద్దున ఎనిమిదీ యాభై నుంచీ ఆవిడ బుర్రలో ఆ ఒక్క మాటే గిరగిరా తిరుగుతోంది. అందుకని, ఎవరో నిలదీసినట్టు ఉలిక్కిపడి, "చదివానండీ, పొద్దున్నే చదివాను," అని పైకే అనేసింది. ఉద్యోగ పరీక్ష రాస్తున్న నలభై తలలు ఒక్కసారి లేచాయి. ఆవిడతో పాటు హాలు కాపలా కాస్తున్న లెక్కల లెక్చరరు బల్లల మధ్యనుంచి వడివడిగా వచ్చాడు.

"ఏం చదివారు మేడం?"

"పేపరండీ."

"ఏ పేపరు?"

"పాత పేపరు."

"పాతదో కొత్తదో, పరీక్ష హాల్లో నిలబడి పొద్దున్నే పేపరు చదివానంటే దాన్ని ఏమంటారో తెలుసా? లీకంటారు!" ఆయన గుసగుస వెనక బెంచీ దాకా వినపడే రకం.

"అయ్యో, ఆ పేపరు కాదండీ. నా పేపరు."

"మీ పేపరా? అంటే మీరే సెట్ చేశారా?"

ఇక నోరు తెరిస్తే లీకు కాస్తా వరదయ్యేలా ఉందని ఆవిడ కిటికీ వైపు నడిచింది. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి, పదీ ముప్ఫై రెండు అని టైము వేసుకుని, వెనక్కి చూసుకుంటూ తన మూలకి తను నడిచాడు.

పేపరంటే ఆవిడ లోకంలో పరిశోధన వ్యాసం, ఇరవై ఆరేళ్ళుగా వానపాముల వెంటపడి ఆవిడ రాసినవి ఇరవై తొమ్మిది, అందులో ఇరవై ఎనిమిదింటి మీద ఆవిడ పేరు మూడోదో నాలుగోదో, కాబట్టి ఇంకెవరైనా ఆ పేపరుని తమ పేపర్లో తలుచుకుంటే మొదటివాడి పేరు వేసి మిగతావాళ్ళని 'తదితరులు' అనే గోనెసంచీలో మూట కట్టేస్తారు, అలా ఇరవై ఎనిమిది మూటల్లో ఊపిరాడక ఉండిపోయినందుకు డిపార్ట్‌మెంటులో ఆవిడకి తదితరులు మేడం అని పేరు. మిగిలిన ఆ ఒక్కటీ, మొట్టమొదటిది, ఆవిడ ఒక్క పేరుతో వచ్చింది. దాన్ని మూడు వందల పన్నెండు పేపర్లు తలుచుకున్నాయి. మూడు వందల పన్నెండు! ఆ అంకె తలుచుకుంటే ఎంత నీరసంలోనైనా వెన్ను నిటారుగా అయ్యేది నిన్నటిదాకా. అందరూ తలుచుకున్నది ఒకే వాక్యం: ఎండలు ముదిరితే ఈ జాతి వానపాము మట్టిలోకి దిగి పదకొండు నెలలు తిండీ తడీ లేకుండా నిద్రపోగలదు. వాక్యం చివర చిన్న అంకె, ఆ అంకె తోక పట్టుకుని చివరి పేజీకి వెళితే డెబ్భై ఏళ్ళ కిందటి ఒక నాలుగు పేజీల వ్యాసం పేరు. అదే మూలం. ఆ మూలం ఎప్పుడో మూలన పడింది, అది అచ్చైన పత్రిక మూతపడింది, మూడు వందల పన్నెండు మందిలో ఒక్కరూ దాని ముఖం చూసినట్టు లేదు, ఆవిడ కూడా ఇవాళ పొద్దునే మొదటిసారి చూసింది.

పదకొండు నెలలు అన్న మాట అందులో ఉంది, లేకపోలేదు. 'పదకొండు నెలలు పెట్టెల్లో పెట్టి చూడాలనుకున్నాము, రెండో నెలలోనే వరద వచ్చి పెట్టెలు కొట్టుకుపోయాయి, మరెవరైనా పూనుకుంటే బాగుంటుంది' అని ఉంది. అంతే. ఆ మహానుభావుడు అనుకున్నాడు, ఈవిడ అయిందనుకుంది, లోకం ఔననుకుంది. ఫోనుకి వచ్చిన ఆ వ్యాసం స్కాను చూస్తూ కారిడార్లోనే నిలబడిపోతే సూపర్వైజరు వచ్చి ఫోను లాక్కుని రేకు పెట్టెలో పడేసి తాళం వేశాడు. ఇప్పుడు ఆ నాలుగు పేజీలు పెట్టెలో, ఆవిడ హాల్లో, ఆవిడ శిష్యుడు మాస్టారు మూడో గదిలో, ల్యాబులో. మాస్టారికి ఇంకా తెలియదు.

ఫ్యాను తిరిగినప్పుడల్లా ఎక్కడో ఓ మర టిక్కుమంటోంది. ఆవిడ కిటికీ నుంచి తలుపు దాకా పద్దెనిమిది నేల పలకలు లెక్కపెట్టింది, తలుపు నుంచి కిటికీ దాకా పదిహేడే వచ్చాయి. పదిహేడు. మాస్టారి పేపర్లో ఆ నాలుగు పేజీల వ్యాసం వరస సంఖ్య కూడా పదిహేడే, పదిహేడో రిఫరెన్సు, పాడు అంకె కాళ్ళకింద కూడా వచ్చి కూచుంది. పేపరు పంపడానికి గడువు పన్నెండు గంటలు, పరీక్ష అయ్యేది పదకొండున్నర, మధ్యలో అరగంట, ఆ అరగంటలో ఏం చెయ్యాలో ఈ గంటలో తేల్చుకోవాలి, ఈ గంటేమో నడుస్తోందో నిలబడిందో తెలియడం లేదు, గోడ గడియారం ఐదు నిమిషాలు ముందు, చేతి గడియారం మూడు నిమిషాలు వెనక, మనసు డెబ్భై ఏళ్ళు వెనక.

మాస్టారంటే ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్నాయన. నలభై దాటాయి. బడిలో సైన్సు చెప్పుకుంటూ, జీతం లేని సెలవు పెట్టి మరీ వచ్చాడు, ఈ నెలాఖరుతో ఆ సెలవూ అయిపోతుంది. మూడేళ్ళు వరసగా వానపాముల్ని మట్టిపెట్టెల్లో పెట్టి నిద్రపుచ్చాడు, మూడేళ్ళూ అవి నాలుగో నెల దాటకుండా చచ్చిపోయాయి. మొదటి ఏడు పోయినప్పుడు "మట్టి మార్చి చూద్దామండీ" అన్నాడు. రెండో ఏడు పోయినప్పుడు తన చేతిచెమట తగిలిందేమోనని తొడుగులు వేసుకున్నాడు. మూడో ఏడు పోయినప్పుడు ఆ లెక్కలున్న నోటు పుస్తకాలన్నీ ఒక సొరుగులో పడేసి దానిమీద 'చెడిపోయినవి' అని చీటీ అంటించాడు, చక్కటి బడిపంతులు దస్తూరీతో, ఏదో నోటీసుబోర్డు రాసినట్టు. ఇప్పుడు పంపబోయే పేపరు మట్టిలో తేమ గురించి, ఆ శిథిలాల్లోంచి ఏరుకున్న నాలుగు ఇటుకలు. అందులో ఒక వాక్యం ఆయనే రాశాడు. 'మా పెట్టెల్లో వానపాములు నిర్వహణ లోపం వల్ల నాలుగో నెలలో మరణించాయి. నిజానికి ఇవి పదకొండు నెలలు జీవించగలవు (17).' నిర్వహణ లోపం. తన పేరు మీద, తన చేత్తో, తన మీద తనే ఫిర్యాదు. ఆ అసలు వ్యాసం తెప్పించమన్నదీ ఆయనే, మూలం మీద అనుమానంతో కాదు, తన మీద అనుమానంతో. "ఆ పెద్దాయన పెట్టెలు ఎలా కట్టాడో చూస్తే నా తప్పేంటో తెలుస్తుంది కదా మేడం?" ఎలా కట్టాడో తెలిసింది మాస్టారూ. వరదలో కొట్టుకుపోయేలా కట్టాడు.

పోనీ, రిఫరెన్సులన్నీ జనం చదివి పెడతారా ఏమిటి? నలభైకి మించకూడదని పత్రికవాళ్ళ షరతు. నిన్న సాయంత్రం ఆవిడా మాస్టారూ కూచుని నలభై ఆరింటిని నలభైకి కుదించారు, ఆ కుదింపులో న్యాయం ఎంత, మొహమాటం ఎంత? అది పెళ్ళికి పిలిచేవాళ్ళ పట్టీ రాసినట్టుంది. మన పేపరు దిద్దే అవకాశం ఉన్నాయన్ని పిలవకపోతే పీకల మీదకొస్తుంది, ముందు బెంచీ వెయ్యండి. ఆ సంపాదకుడు తన పత్రికలో వచ్చినవి రెండైనా ఉంటే మురిసిపోతాడు, రెండు పడెయ్యండి. మొన్న సభలో కాఫీ తాగుతూ మన పనిని మెచ్చుకున్నావిడ, ఉండనివ్వండి పాపం. మన మీద మండిపడ్డాయన, తీసెయ్యండి. వద్దు వద్దు, తీసేస్తే తెలిసిపోతుంది, ఉంచండి, 'భిన్నాభిప్రాయం కూడా కలదు' అని చివర్న నిలబెట్టండి. సొంతవి మూడు, సొంత డబ్బా మరీ మోగకుండా. ఎవరూ ఎరగని చిన్న కాలేజీలో ఎవరో అమ్మాయి ఒళ్ళొంచి చేసిన పని, దీనికీ మన పనికీ దగ్గర పోలిక, బాగుంది, కానీ నలభై ఒకటోది అవుతోంది. దాన్ని కొట్టేసింది ఆవిడే. పెన్ను ఒక్క క్షణం ఆగింది, అయినా కొట్టేసింది. పదిహేడోదాని దగ్గర అసలు ఆగనే లేదు. అది గోడలో రాయి, దాన్నెవరు తీస్తారు? ఇది ఉటంకింపు కాదు, ఊకదంపు. ఒకడు దంచిన ఊకనే ఇంకొకడు దంచడం, బియ్యం ఎప్పుడో ఎవరో తీసుకుపోయారు, అసలు వడ్లే లేవేమో.

కాలు మార్చి నిలబడింది. చెప్పు కిర్రుమంది. నాలుగో వరసలో ఒకాయన విసుగ్గా చూశాడు. సారీ.

ఆ రోజుల్లో చదవాలని ప్రయత్నించలేదా? ప్రయత్నించింది, అది మాత్రం నిజం. లైబ్రరీకి మూడుసార్లు వెళ్ళింది, మూడుసార్లూ లైబ్రేరియను తల ఎత్తకుండా "బైండింగుకి వెళ్ళిందమ్మా" అన్నాడు. ఆ బైండింగు ఏ లోకంలో ఉందో, వెళ్ళిన పుస్తకం తిరిగి రాలేదు. అప్పటి గైడుతో చెప్పుకుంటే ఆయన బూట్లకి లేసులు కట్టుకుంటూ, "ఏం పర్లేదమ్మా, పదకొండు నెలలని అందులో ఉంది, రాసెయ్యి," అన్నాడు. రాసేసింది. ఇరవై నాలుగేళ్ళ వయసు, గైడు మాట, లేసుల ముడి, రెండూ బిగిసిపోయాయి. మాస్టారు ఆ వ్యాసం కావాలన్నాక, పోయిన వారం ఆయనకి ఫోను చేసి అడిగింది, ఇప్పుడు ఎనభై దాటాయి, గొంతు మాత్రం అదే. "చదివినట్టే గుర్తమ్మా. చదివానో, చదివినవాళ్ళు చెబితే విన్నానో, ఇప్పుడెలా చెప్పను? అయినా నువ్వు రాశావు కదా, నీ పేపర్లో చూసుకో, ఉంటుంది." నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గైడు గారు చెప్పారని ఈవిడ రాసింది, ఈవిడ రాసిందని గైడు గారు నమ్మారు, పాము తన తోక తనే మింగినట్టు, ఇక్కడ అది వానపాము.

ఇంట్లో ఆయనకైతే వేళాకోళం. కళ్ళద్దాల దుకాణం ఆయనది. రాత్రి భోజనాల దగ్గర, చదవకుండానే రాశానన్న ఆవిడ గోడు విని, "అయితే ఒకటి చెప్పనా? ఉటంకించడాన్ని మీరు సైట్ చెయ్యడం అంటారు కదా? మా షాపులో సైటు వచ్చినవాళ్ళు చదవలేరు, మీ లైన్లో చదవనివాళ్ళే సైటు చేస్తారు," అని తన జోకుకి తనే కంచం అదిరేలా నవ్వాడు. ఆ నవ్వులోనే ఇంకో సంగతి చెప్పాడు. ఒక ఫ్యాక్టరీవాళ్ళు డ్రైవర్లందరినీ చూపు పరీక్షకి పంపారట. బోర్డు మీద అక్షరాలు అందరూ గడగడా చదివేశారు, ఇరవై ముగ్గురికీ అద్దంలాంటి చూపు. ఇరవై నాలుగోవాడి దాకా వచ్చాక ఈయనకి ఏదో తోచి బోర్డు తిప్పి ఇంకోవైపు పెట్టాడు, వాడు పాత బోర్డే అప్పజెప్పాడు. బయట వరసలో నిలబడి వింటూ బట్టీ పట్టేశారు! "మళ్ళీ మొదటివాడి నుంచీ పిలిచాను. గొడవ చేశారనుకో. కానీ లారీ నడిపేది వాళ్ళు, రోడ్డు మీద నడిచేది మనం." ఆవిడ అప్పుడు "ఊఁ" అని ఊరుకుంది. ఇప్పుడు ఆ "ఊఁ" గొంతులో మళ్ళీ పైకి వస్తోంది. మూడు వందల పన్నెండు మంది డ్రైవర్లు, ఒక్కడు మాత్రం బోర్డు వంక నిజంగా చూసి, నాలుగు కనిపిస్తోందండీ, నా కళ్ళే పోయాయేమోనండీ అంటున్నాడు.

ఎవరికీ చెప్పకుండా పదిహేడుని పీకేస్తే? ఒక వాక్యం పోతుంది, అంతే. మాస్టారి పేరు మీద మచ్చ ఉండదు, తన మూడు వందల పన్నెండూ ఉంటాయి. చల్లగా, చప్పుడు లేకుండా. కానీ ఆ సొరుగు? చీటీ అలాగే ఉంటుంది. మాస్టారు బడికి తిరిగి వెళ్ళి ఆరో తరగతి పిల్లలకి పదకొండు నెలలనే చెబుతాడు. తన కళ్ళతో చూసిన నాలుగుని నోట్లోనే మింగి, మేడం పుస్తకంలో ఉన్న పదకొండు చెబుతాడు. ఛ. పోనీ వచ్చే ఏడు రాద్దాం, తీరిగ్గా, ఒక వివరణ. ఈ 'వచ్చే ఏడు' కూడా బైండింగుకి వెళ్ళే బాపతే. అసలు తనకి బాధ దేనికి? తప్పు చేసినందుకా, ఆ తప్పు తప్ప తన పేరున ఇంకేమీ లేనందుకా? ఈ ప్రశ్న దగ్గరికి రాగానే మనసు పక్కకి దూకి పలకలు లెక్కపెట్టడం మొదలెట్టింది. పద్దెనిమిది. పదిహేడు. పద్దెనిమిది.

మూడో వరసలో ఒకావిడ చెయ్యెత్తింది. పెన్సిలు ములుకు విరిగిందట. ముప్ఫై ఐదేళ్ళుంటాయి, గోళ్ళ అంచుల్లో ఎంత కడిగినా పోని మట్టి. బల్ల మీదున్న అదనపు పెన్సిలు తీసుకెళ్ళి ఇస్తూ వంగితే, చూడకూడదనుకుంటూనే, కన్ను కాగితం మీద పడింది. నలభై ఆరో ప్రశ్న. వానపాము వేసవి నిద్ర గరిష్ఠంగా ఎన్ని నెలలు? నాలుగు, ఏడు, తొమ్మిది, పదకొండు. ఆవిడ కాళ్ళకింద పలకలన్నీ ఒక్కసారి జారాయి. ఆ రాసే మనిషి నాలుగు మీద గుండ్రం దిద్ది ఉంది. నల్లగా, గట్టిగా, తెలిసినవాళ్ళు దిద్దినట్టు. అంతలో ఏం గుర్తొచ్చిందో ఆగింది. "పుస్తకంలో పదకొండనే ఉంది," అని తనలో తను గొణుక్కుంది. రబ్బరు తీసుకుంది. నాలుగుని చెరిపింది, కాగితం నలిగేదాకా చెరిపి, ముక్కలు ఊది, పదకొండు దిద్దింది. ఈ గుండ్రం మాత్రం పల్చగా వచ్చింది.

తదితరులు మేడం అక్కడే నిలబడిపోయింది. అరవాలనిపించింది. ఈ హాల్లో అరవకూడదు, అది రూలు. పక్క బల్ల మీద పదకొండు, వెనక బల్ల మీద పదకొండు, కిటికీ దగ్గరాయన పదకొండు, ఆవిడ ఇప్పుడు సిగ్గు లేకుండా చూస్తూ నడుస్తోంది, పదకొండు, పదకొండు, లెక్కలాయన ఇటే చూస్తున్నాడు, చూడనీ, పదకొండు. వీళ్ళెవరూ ఒకళ్ళ కాగితం ఒకళ్ళు చూసి రాయలేదు. అందరూ కలిసి, ఎవరో తెలియకుండా, తన కాగితం చూసి రాశారు. ఒక్కావిడ మాత్రం తన మట్టిని చూసి రాసింది, దాన్నీ చెరిపించింది తనే, ఇక్కడ నిలబడి, అదనపు పెన్సిలు చేతికిచ్చి మరీ. మూడేళ్ళు మాస్టారు చెరుపుకున్నదీ ఇలాగే. నలభై నిమిషాలుగా మనసు తూనిక తూస్తోంది కానీ ఒకే పళ్ళెంలో ఎక్కి కూచుంది తను, రెండో పళ్ళెంలో ఎవరున్నారో ఇప్పుడు కనిపించింది.

గంట కొట్టారు. కాగితాలు పోగయ్యాయి, లెక్కలాయన వాటిని ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి, కవర్లో పెట్టి, లక్క అంటించాడు. సూపర్వైజరు వచ్చి సంతకం పెట్టేదాకా ఎవరూ కదలకూడదు. జేబులోంచి చిన్న పుస్తకం బయటికొచ్చింది.

"ఇప్పుడు చెప్పండి మేడం. పదీ ముప్ఫై రెండుకి 'పొద్దున్నే చదివాను' అన్నారు. తర్వాత బల్లబల్లకీ తిరిగి కాగితాల్లోకి చూశారు. నేను రిపోర్టు రాయాలి కదా? ఏం రాయమంటారు?"

నలభై మందీ చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. వార్తాపత్రిక అంటే సరిపోతుంది, అదీ పేపరే. ఆవిడ వేదిక మీది బల్లకి చేతులానించింది.

"అందరికీ చెబుతాను, మీరూ రాసుకోండి. నేను చదివింది మీ ప్రశ్నపత్రం కాదు. డెబ్భై ఏళ్ళ కిందటి పరిశోధన పేపరు. స్పీకర్లో మౌనం అంటే మూలం అని వినపడి, నన్నే అడుగుతున్నారనుకుని నోరు జారాను. మీ నలభై ఆరో ప్రశ్న ఉంది చూడండి, వానపాము నిద్ర. పదకొండు నెలలని పుస్తకాల్లో ఉంది. ఆ పుస్తకాల్లోకి అది నా పేపర్లోంచి వెళ్ళింది. నా పేపర్లోకి ఆ పాత పేపర్లోంచి వచ్చిందని రాశాను. అందులో లేదు. ఆయన చూడాలనుకున్నాడు, వరదొచ్చింది, చూడలేదు. నేను చదవకుండా రాశాను."

"అంటే..." లెక్కలాయన పెన్ను గాల్లో ఆగింది. "ప్రశ్నే తప్పా?"

"జవాబు తప్పు. ప్రశ్న మంచిదే. ఇక్కడ చూసి రాస్తే తప్పు కదండీ? మా పనిలో చూడకుండా రాస్తే తప్పు. మూడో గదిలో మా మాస్టారున్నారు, మూడేళ్ళు చూసి రాశారు, నాలుగు నెలలు. తప్పు ఆయనదేనని నేను ఊరుకున్నాను. పరీక్ష బోర్డుకి ఈ సంగతి ఇవాళే రాసిస్తాను. నా సంతకంతో."

"మరి మా మార్కు మేడం?" అన్నాడు కిటికీ దగ్గరాయన.

"బోర్డు ఏం చేస్తుందో నాకు తెలీదు నాయనా. మార్కు పోవాల్సింది నాకు."

ఎవరో నవ్వారు, ఇంకెవరో కసిరారు. లెక్కలాయన గబగబా రాసుకుంటున్నాడు, రాస్తూనే వానపాము ఎలా స్పెల్లు చెయ్యాలన్నట్టు ఆవిడ ముఖంలోకి చూశాడు. గడియారం పదకొండూ నలభై రెండు. సూపర్వైజరు సంతకం పెట్టి, రేకు పెట్టె తెరిచి, ఫోను చేతికిచ్చాడు. కుర్చీలు చప్పుడయ్యాయి. తలుపు దగ్గర ఆ మట్టి గోళ్ళావిడ ఆగి ఉంది.

"మేడం, మాకు వానపాముల ఎరువు తొట్లున్నాయండీ. ఎండల్లో నీళ్ళు అందక తొట్లు ఎండిపోతే, నాలుగో నెలకల్లా వానపాములు పోయాయి. రెండేళ్ళు అంతే. మా ఇంట్లో అందరూ నేనే సరిగ్గా చూసుకోలేదన్నారు. నేనూ అలాగే అనుకున్నాను."

"అందరం అలాగే అనుకున్నాం తల్లీ. ఎన్ని తొట్లు?"

"ఆరండీ."

"తేదీలు ఏమైనా రాసుకున్నావా?"

"పుస్తకంలో ఏం రాయలేదండీ. తొట్టి పక్క గోడ మీద బొగ్గుతో గీశాను."

"గోడ చాలు," అంది ఆవిడ, అప్పటికే మూడో గది వైపు తిరిగి. "నాతో నడుస్తూ చెప్పు, పన్నెండులోపు ఒక వాక్యం దిద్దాలి. ఆ మాటలు మాస్టారు కూడా వినాలి."